డబ్లిన్‌లో మూడేళ్లు: వి.వి. గిరి విద్యార్థి దశ

1916 జూన్ 21న డబ్లిన్ నగరంలో ఒక తెలుగు యువకుడు బారిస్టరు అయ్యాడు. ఆ తర్వాత పది రోజులకే, జులై 1న, నెల రోజులలోగా ఐర్లండు విడిచి వెళ్లవలసిందిగా అతనికి ఉత్తర్వు అందింది. ఒక చేత పట్టా, మరొక చేత బహిష్కార పత్రం పట్టుకుని స్వదేశానికి ఓడ ఎక్కిన ఆ యువకుడే, 1969 నుంచి 1974 వరకు భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన వరాహగిరి వేంకటగిరి. ఆయన విదేశీ విద్యలో ఈ రెండు పత్రాలలో దేనికి విలువ ఎక్కువ అన్నది ఆలోచించదగిన విషయం.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. నాడది మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అందులో చేరింది. తండ్రి జోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది, జాతీయవాది. కుమారుడు కూడా న్యాయశాస్త్రమే చదవాలని సంకల్పించడంలో వింత లేదు. వింతల్లా అందుకు ఎన్నుకొన్న నగరంలోనే ఉంది. ఆ రోజులలో బారిస్టరు చదువుకు సీమ వెళ్లడమంటే సాధారణంగా లండన్ వెళ్లడమే. గాంధీజీ 1888లో వెళ్లింది అక్కడికే.

అయితే 1909 జులై 1న లండన్‌లో మదన్‌లాల్ ధింగ్రా సర్ కర్జన్ వైలీని కాల్చి చంపిన తర్వాత అక్కడి వాతావరణం మారిపోయింది. భారతీయ విద్యార్థుల ప్రతి కదలికపైనా నిఘా పెరిగింది. లండన్ న్యాయవిద్యా సంస్థలలో వారికి ప్రవేశం కష్టతరమైంది. అందువల్ల కొందరి దృష్టి డబ్లిన్‌లోని కింగ్స్ ఇన్స్ వైపు మళ్లింది. అక్కడ బారిస్టరు కావాలంటే యూనివర్సిటీ కాలేజీలో ఒక ఏడాది పాఠాలు వినడం తప్పనిసరి. 1914-15లో ఆ పాఠాలకు కూర్చున్న తొలి జట్టులోని పదమూడుగురు భారతీయులలో గిరి ఒకరు. 1914, 1917 మధ్య ఆ కళాశాలలో చదివిన భారతీయుల సంఖ్య 50. రాజద్రోహపు గాలి సోకకుండా ఉండాలని లండన్‌లో తలుపులు బిగించిన ప్రభుత్వం, ఆ విద్యార్థులను తనకు తెలియకుండానే అంతకన్న వేడిగా ఉన్న మరో నగరానికి పంపింది.

గిరి డబ్లిన్ వెళ్లిన 1913వ సంవత్సరం ఆ నగర కార్మిక చరిత్రలో మరపురానిది. ఆగస్టు 26న ట్రాము కార్మికులు పని మానివేశారు. జేమ్స్ లార్కిన్ స్థాపించిన యూనియన్‌లో ఉన్నవారికి పని ఇవ్వబోమని, ట్రాము కంపెనీ అధిపతి విలియం మార్టిన్ మర్ఫీ నాయకత్వాన యజమానులు ఏకమై లాకౌట్ ప్రకటించారు. దాదాపు 20,000 మంది కార్మికులు వీథిన పడ్డారు. వారిని లాఠీల బారి నుంచి కాపాడుకోవడానికి ఆ నవంబరులో 'సిటిజన్ ఆర్మీ' అనే కార్మిక దళం పుట్టింది. చివరకు 1914 జనవరిలో, బయటినుంచి వచ్చే సహాయం అడుగంటగా, ఆకలికి తాళలేక కార్మికులు తిరిగి పనిలో చేరారు. లార్కిన్ అమెరికా వెళ్లిపోగా నాయకత్వం జేమ్స్ కానలీ చేతికి వచ్చింది.

ఈ పోరాటానికి మూలమైన పేదరికం విద్యార్థులకు కనపడనంత దూరంలో లేదు. కింగ్స్ ఇన్స్ భవనం హెన్రియెట్టా వీథి కొననే ఉంది. ఒకప్పుడు ప్రభువులు నివసించిన ఆ వీథి మేడలు కాలక్రమాన ఇరుకు వాటాలుగా చీలిపోయాయి. 1911 జనాభా లెక్కల ప్రకారం అక్కడి పదిహేను ఇళ్లలో 835 మంది తలదాచుకొనేవారు. కింగ్స్ ఇన్స్ నియమం ప్రకారం న్యాయ విద్యార్థులు నిర్ణీత సంఖ్యలో విందు భోజనాలకు హాజరు కావాలి. లోపల వెండి పళ్లెరాల సంప్రదాయం, గుమ్మం దాటితే గదికొక కుటుంబం. పరాధీన దేశంనుంచి వచ్చిన యువకునికి ఈ దృశ్యం ఒక కొత్త సత్యాన్ని చెప్పి ఉండాలి: తెల్లవారందరూ పాలకులు కారు, పాలకుల గుమ్మం ముందే వారి పాలితులూ ఉన్నారు.

తరగతి గదిలోని గురువులు కూడా సామాన్యులు కారు. గిరి బారిస్టరు చదువుతో పాటు బి.ఏ.లో కూడా చేరారు. అక్కడ ఆంగ్ల సాహిత్యం బోధించిన వారిలో కవి థామస్ మెక్‌డొనా ఒకరు. రాజకీయార్థశాస్త్రం బోధించిన థామస్ ఫిన్లే జెసూట్ మతాచార్యుడు, సహకారోద్యమ ప్రచారకుడు. ఒకరు స్వాతంత్ర్య సమరానికి సిద్ధమవుతున్నవారు, మరొకరు రైతుల సహకార సంఘాలను ప్రోత్సహించినవారు. ఉద్వేగం, నిర్మాణం అనే రెండు మార్గాలు ఒకే కళాశాలలో ఆ విద్యార్థికి ఎదురయ్యాయి.

ప్రపంచయుద్ధం ఆరంభమయ్యాక గిరి డబ్లిన్‌నుంచి లండన్ వెళ్లి గాంధీజీని కలుసుకున్నారు. రెడ్‌క్రాస్ సేవలో చేరవలసిందిగా గాంధీజీ కోరారు. సామ్రాజ్యానికి కష్టకాలంలో తోడ్పడడం ధర్మమని ఆనాటి గాంధీజీ విశ్వాసం. ఇంగ్లండు కష్టకాలమే తమకు అదునని ఐర్లండు దేశభక్తుల వాదం. ఇరవై ఏళ్ల గిరి మొదట గాంధీజీ మాటకు సమ్మతించి, పిమ్మట ఆ నిర్ణయానికి చింతించారు. అంతలో డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులు దక్షిణాఫ్రికాలో మనవారు పడుతున్న బాధలను వివరిస్తూ ఒక కరపత్రం వెలువరించారు. అది గూఢచారి శాఖ చేతికి చిక్కింది. లండన్‌లో ఉన్న నిఘా డబ్లిన్‌కూ వచ్చింది.

1916 ఏప్రిల్ 24న ఈస్టర్ తిరుగుబాటు చెలరేగింది. విప్లవకారులు ప్రధాన తపాలా కార్యాలయాన్ని ఆక్రమించి గణతంత్రాన్ని ప్రకటించారు. కళాశాలకు చేరువలోనే ఉన్న సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ ఉద్యానంలో సిటిజన్ ఆర్మీ కందకాలు తవ్వింది. ఒక బిస్కట్ల కర్మాగారాన్ని పట్టుకొన్న దళానికి మెక్‌డొనాయే నాయకుడు. ఆరు రోజులలో తిరుగుబాటు అణగిపోయింది. మే 3న మెక్‌డొనాను కాల్చి చంపారు. గాయపడి లేవలేని స్థితిలో ఉన్న కానలీని మే 12న కుర్చీకి కట్టి కాల్చారు. పాఠం చెప్పిన గురువు మరణశిక్షకు గురైన ఏడు వారాలకు శిష్యుడు బారిస్టరు అయ్యాడు.

భారతీయ విద్యార్థుల గదులలో పోలీసు సోదాలు జరిగాయి. కానలీ, పియర్స్, డి వలేరా వంటి నాయకులతో గిరికి సంబంధాలున్నాయని అధికారులు అనుమానించారు. అనుమానానికీ రుజువుకూ మధ్య ఉన్న దూరాన్ని చరిత్రకారుడు మరువరాదు. అభిమానం కొద్దీ గిరిని తిరుగుబాటు వీరునిగా చిత్రించనవసరం లేదు. ఆయనపై మోపింది నేరం కాదు, బహిష్కారం. చేసిన పనికన్న చూసిన దృశ్యాలే ఆ విద్యార్థి జీవితాన్ని మలచాయి.

దానికి సాక్ష్యం ఆయన తదుపరి జీవితం. బరంపురంలో న్యాయవాద వృత్తి చేపట్టిన గిరి దానికే అంటిపెట్టుకొని ఉండలేదు. బరంపురం మీదుగా వాల్తేరు దాకా సాగే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేశారు. 1928లో ఉద్యోగాలు కోల్పోయినవారి పక్షాన సాగిన శాంతియుత సమ్మెకు నాయకత్వం వహించారు. 1931లో రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మిక ప్రతినిధిగా వెళ్లారు. 1937లో రాజాజీ మంత్రివర్గంలోనూ, 1952లో కేంద్రంలోనూ కార్మిక శాఖ నిర్వహించారు. నిర్బంధ తీర్పులకన్న ఉభయపక్షాల సంప్రదింపులు మేలన్న ఆయన వాదం 'గిరి విధానం'గా ప్రసిద్ధి పొందింది. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించినప్పుడు, 1954లో మంత్రి పదవిని త్యజించారు.

ఈ విధానమంతా డబ్లిన్ ప్రసాదమేనని చెప్పడం అతిశయోక్తి. ఖరగ్‌పూర్ కార్మిక వాడలు కూడా ఆయనకు గురువులే. కాని సంఘబలం లేని కార్మికుడు నిస్సహాయుడనీ, సంప్రదింపులకు తావులేని సంఘర్షణ చివరకు ఆకలి ముందు తలవంచుతుందనీ 1913 నాటి డబ్లిన్ చెప్పిన పాఠాలు, ఆయన అవలంబించిన మార్గంతో సరిపోలుతున్నాయి.

గిరి బి.ఏ. పూర్తి కాలేదు. బారిస్టరు పట్టా కొన్నేళ్లపాటే ఆయనకు వృత్తిగా ఉపకరించింది. పరీక్షలు లేని మూడవ విద్య ఒకటి వీథులలో సాగింది. దాన్ని పూర్తి చేయకముందే ప్రభుత్వం ఆయనను ఆ నగరంనుంచి పంపివేసింది. ఆ మిగిలిన చదువును ఆయన స్వదేశంలో, రైలు పట్టాల వెంబడి పూర్తి చేశారు.