జవళగిరి సీమ దస్తావేజులలో ఒప్పుకోలు, ప్రమాణము

పత్రము వ్రాయుట వేరు. వ్రాసిన పత్రము తనదని ఒప్పుకొనుట వేరు. అందలి విషయము సత్యమని ప్రమాణము చేయుట వేరు. ఈ భేదమును మరచుటచే పెక్కు కుటుంబములు చిక్కులలో పడుచున్నవి. మన పూర్వులు వీనినెట్లు వేరుపరచిరో, శాసనకర్తలు వానినెట్లు మార్చిరో, నేడు నోటరీలును సబ్-రిజిస్ట్రారులును వీనినెట్లు నిర్వహింపవలెనో జవళగిరి సీమను దృష్టియందుంచుకొని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

జవళగిరి తమిళనాట కృష్ణగిరి జిల్లా డెంకణికోట తాలూకాలో, కర్ణాటక సరిహద్దునకు చేరువగా, అడవుల నానుకొనియున్న గ్రామము. తెలుగు, కన్నడము, తమిళము మూడును వినవచ్చు సీమ యిది. 1799లో టిప్పు సుల్తాను పతనానంతరము హొసూరు ప్రాంతము ఈస్టిండియా కంపెనీ వశమై సేలము జిల్లాలో చేరినది. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడినవి. కచ్చేరి మారినను ఇంటి భాష మారలేదు. కావున ఇచటి దస్తావేజుల చరిత్రలో భాష ముఖ్యమైన విషయము.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున పత్రము వ్రాయు విధానము విపులముగా నున్నది. ఋణముగొన్నవాడు పత్రాంతమున తండ్రి పేరుతో సహా తన పేరు వ్రాసి, పైన వ్రాసినది తనకు సమ్మతమని స్వహస్తముతో తెలుపవలెను. సాక్షులును అట్లే వ్రాయవలెను. ఉభయుల కోరికపై వ్రాసితినని లేఖకుడు చివర తెలుపవలెను. ఇదియే ఒప్పుకోలు. లిఖితము, భుక్తి, సాక్షులు అను మూడును లేనపుడే దివ్యప్రమాణమునకు తావు కలదు. అనగా ప్రమాణము పత్రములో అంతర్భాగము కాదు. పత్రము లేనిచోట ఆశ్రయింపదగిన చివరి మార్గము. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్యను 13వ శతాబ్దమున కేతన తెనిగించుటచే ఈ ధర్మము తెలుగువారికి స్వభాషలోనే లభించినది.

గ్రామములలో కరణము దస్తావేజు వ్రాసి చదివి వినిపించెడివాడు. వ్రాలు చేయనేర్చినవాడు వ్రాలు చేసెడివాడు; నేర్వనివాడు నిశాని పెట్టెడివాడు. తమిళనాడులో 1980లో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దగుటతో ఆ వ్యవస్థ ముగిసినది.

ప్రమాణవిధానమున మార్పు ఇంకను పెద్దది. కంపెనీ న్యాయస్థానములలో హిందువులు గంగాజలముపైనను, మహమ్మదీయులు ఖురానుపైనను ప్రమాణము చేయు పద్ధతి యుండెను. 1840 నాటి ఐదవ చట్టము దానికి బదులు దైవసన్నిధిని సత్యము పలుకుదునను ధ్రువీకరణమును ఏర్పరచినది. 1873 నాటి ప్రమాణచట్టము ఒక కక్షిదారు కోరికపై రెండవవాడు తన కులాచారమునకు తగిన ప్రత్యేకప్రమాణము చేయుటకు వీలు కల్పించినది. అట్లు చెప్పిన మాట కోరినవానికి కట్టుబాటయ్యెడిది. కర్పూరమార్పి ప్రమాణము చేయు పల్లెవాడుకకు ఇది దగ్గరిది. 1969 నాటి చట్టము ఈ ప్రత్యేకప్రమాణమును తొలగించినది. దేవుని పేర ప్రమాణముగాని, ధ్రువీకరణముగాని మాత్రమే మిగిలినవి.

1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము, దస్తావేజు దాఖలైనపుడు వ్రాసియిచ్చినట్లు చెప్పబడు వ్యక్తియే వచ్చెనా, తానే వ్రాసియిచ్చినట్లు ఒప్పుకొనుచున్నాడా అని సబ్-రిజిస్ట్రారు విచారింపవలెను. ఒప్పుకొన్నచో పత్రముపై ఆ విషయము వ్రాసి, ఒప్పుకొన్నవాని వ్రాలు గైకొనును. తాను వ్రాసియీయలేదన్నచో రిజిస్టరు చేయుటకు నిరాకరించును. ప్రమాణము చేయించుట 63వ సెక్షను క్రింద ఆయన విచక్షణకే వదలబడినది. ఒప్పుకోలు నమోదైనంతమాత్రమున అమ్మినవానికి హక్కు కలదని నిర్ణయమైనట్లు కాదు.

1952 నాటి నోటరీల చట్టము 1956 ఫిబ్రవరి 14 నుండి అమలులోనికి వచ్చినది. పత్రము వ్రాసియిచ్చుటను ధ్రువపరచుట ఒకటి, ప్రమాణము చేయించి అఫిడవిట్టు గైకొనుట మరియొకటి అని ఆ చట్టపు 8వ సెక్షను రెండు పనులను వేర్వేరుగా పేర్కొన్నది. మొదటిదానిలో నోటరీ గమనింపవలసినది వ్యక్తినీ, వాని స్వేచ్ఛాసమ్మతినీ. రెండవదానిలో ప్రమాణము చేయువాడు ఎదుట నిలిచి, అందలి మాటలు నిజమని పలికి, అచటనే వ్రాలు చేయవలెను. మనిషి రాకుండ కాగితము మాత్రమే వచ్చినచో ఈ రెండును శూన్యములే. నోటరీ ముద్ర క్రయదస్తావేజు రిజిస్ట్రేషనుకు బదులు కాదనుటయు గుర్తింపదగినది. నూరు రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి క్రయము రిజిస్టరు కావలసినదే.

ఇక భాష. 1908 చట్టపు 19వ సెక్షను ప్రకారము, అధికారికి తెలియని భాషలో, జిల్లాలో సామాన్యముగా వాడుకలేని భాషలో పత్రమున్నచో అనువాదము జతపరుపవలెను. ఈ సెక్షను చూచినది అధికారికి అర్థమగుటను. వ్రాసియిచ్చువానికి అర్థమగుటను చూచినవి మద్రాసు రాష్ట్రపు రిజిస్ట్రేషను నియమములు: చదువరానివానికి పత్రము చదివి వినిపింపవలెను, పత్రభాష తెలియనివానికి దానిని వానికి తెలిసిన భాషలో వివరింపవలెను. అఫిడవిట్టుల విషయమున న్యాయస్థానముల నియమములును ఇట్టి వివరణమునే కోరుచున్నవి. అనువదించుటయు, అనువాదమును సరిచూచుటయు నోటరీ విధులలోనివే.

తమిళ లిపిలోని పత్రమునకు తెలుగు రైతు తల యూపినంతమాత్రమున అది ఒప్పుకోలు కానేరదు. తెలియని మాటపై చేసిన ప్రమాణము సత్యమును కాదు, అసత్యమును కాదు. కావున ఈ సీమలోని మన పెద్దలు సంతకమునకు ముందు పత్రమును తెలుగున వినిపింపుమని నిస్సంకోచముగా అడుగవలెను. అది అధికారి దయ కాదు; ఆయన విధి. పెట్టెలలోనున్న పాత తెలుగు దస్తావేజులను చదువగలవారుండగనే వానికి నకళ్లు, అనువాదములు సిద్ధపరచుటయు మన సంఘములు పూనుకొనదగిన కార్యము. తాత ఒప్పుకొన్నది ఏమో మనుమనికి తెలియుటకు అదియే దారి.