బ్యాక్టీరియా చీటీని మూసేసే మందు: ఐడియా పాతదే, మరి ఎందుకు రాలేదు?

ఈరోజు ఒకే ఒక్క ప్రశ్న తీసుకున్నాను. బ్యాక్టీరియా జీన్ ఇచ్చే ఆర్డర్‌ను మధ్యలోనే ఆపేస్తే ఏమవుతుంది? ఈ ఆలోచనకు నలభై ఏళ్లు దాటాయి. మరి ఆ మందు మెడికల్ షాపులో ఎందుకు లేదు?

ముందు అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం. 1928లో పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945 నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించాడు. చాలీచాలని డోసు వాడితే బ్యాక్టీరియా చావదు, మొండిదవుతుంది అని. అదే జరిగింది. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో నేరుగా సుమారు 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా.

ఇప్పుడు అసలు కథ. డీఎన్ఏ అంటే పెద్ద వంటల పుస్తకం అనుకోండి. అందులోంచి ఒక్క వంటకం చీటీ మీద రాసి వంటగదికి పంపితే, ఆ చీటీయే మెసెంజర్ ఆర్ఎన్ఏ. అది చదివే కణం ప్రోటీన్ తయారు చేస్తుంది. ఆ చీటీ అక్షరాలకు సరిగ్గా జతకుదిరే చిన్న ముక్కను ల్యాబ్‌లో చేసి దాని మీద అంటిస్తే? చదవడం కుదరదు, వంట ఆగిపోతుంది. ఆ ముక్కే యాంటీసెన్స్.

1978లో హార్వర్డ్‌లో పాల్ జమెక్నిక్, మేరీ స్టీఫెన్సన్ 13 అక్షరాల ముక్కతో కోడి కణాల్లో రౌస్ సార్కోమా వైరస్‌ను అడ్డుకున్నారు. 1998లో అమెరికాలో మొదటి యాంటీసెన్స్ మందు ఫోమివిర్సెన్‌కు అనుమతి వచ్చింది. అది కంటికి సోకే ఒక వైరస్ కోసం.

బ్యాక్టీరియా దగ్గరికొచ్చేసరికి రెండు చిక్కులు. మామూలు డీఎన్ఏ ముక్కను ఎంజైములు కొరికేస్తాయి. పైగా ఈ.కోలై లాంటి వాటికి రెండు పొరల గోడ, ముక్క లోపలికే పోదు. మొదటి చిక్కుకు జవాబు 1991లో కోపెన్‌హాగన్‌లో దొరికింది. పీటర్ నీల్సన్ బృందం పీఎన్ఏ చేసింది. అక్షరాలు అవే, వాటిని పట్టుకునే వెన్నెముక వేరు. ఎంజైములు దాన్ని గుర్తుపట్టవు. 2001లో లియామ్ గుడ్, నీల్సన్ దానికి గోడ దాటించే చిన్న పెప్టైడ్ తగిలించి ఈ.కోలైని చంపి చూపించారు.

నాకు బాగా నచ్చిన ఘట్టం తర్వాతది. ఎన్‌డీఎమ్-1 పేరు వినే ఉంటారు. అందులో ‘ఎన్‌డీ’ అంటే న్యూఢిల్లీ. ఆ పేరు మీద మన ప్రభుత్వం అభ్యంతరం కూడా చెప్పింది. ఈ జీన్ ఉన్న బ్యాక్టీరియా, చివరి ఆయుధంగా దాచుకునే కార్బపెనెమ్ మందులనే ముక్కలు చేస్తుంది. అమెరికాలో ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన బ్రూస్ గెల్లర్ బృందం 2017లో ఆ జీన్ చీటీనే యాంటీసెన్స్‌తో మూసేసింది. ఎలుకల్లో పాత మందు మెరోపెనెమ్ మళ్ళీ పనిచేసింది! అంటే కొత్త మందు వెతకడమే కాదు, పాతదానికి ప్రాణం పోయొచ్చన్నమాట.

మరి ఆలస్యం ఎందుకు? పెప్టైడ్ మన కణాలకు హాని చేయకూడదు. బ్యాక్టీరియా కూడా ఊరుకోదు. కొన్ని పెప్టైడ్లతో వచ్చే ముక్కలు ఎస్‌బీఎమ్‌ఏ అనే ప్రోటీన్ ద్వారం గుండా లోపలికెళ్తాయి. ఆ ద్వారం పోగొట్టుకున్న ఈ.కోలై తప్పించుకుంటుంది. చీటీలో అక్షరం మారితే ముక్కను తిరగరాయొచ్చు, తలుపే మూసేస్తే కొత్త తాళంచెవి కావాలి. అందుకే బ్యాక్టీరియా మీద వాడే యాంటీసెన్స్ మందు ఇంకా ఆసుపత్రికి చేరలేదు.

అది వచ్చేదాకా ఉన్నవాటినే కాపాడుకోవాలి. జలుబు చాలావరకు వైరస్ వల్లే వస్తుంది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. డాక్టర్ రాయకుండా షాపులో అడిగి వేసుకోకండి. ఇంట్లో మిగిలిన స్ట్రిప్ పక్కింటివాళ్ళకు ఇవ్వకండి. మళ్ళీ కలుద్దాం.