తేరు మొదలు పందెపుకారు దాఁక: చక్రముల పొందిక



రథము కదలుటకు గుఱ్ఱములు చాలును. అది తప్పక నడచుటకు చక్రముల పొందిక వలయును. అక్షము, నాభి, అరములు, నేమి యని మన పూర్వులు రథాంగములకు వేర్వేఱు పేళ్లు పెట్టినది యీ పొందిక నెఱిఁగియే. తిరుమల బ్రహ్మోత్సవములలో ఎనిమిదవనాఁడు రథోత్సవము జరుగును. దక్షిణదేశపు పెద్దతేరుల యిరుసులు ప్రక్కలకు తిరుగవు. కావున చక్రముల క్రింద కొయ్యదిమ్మెలు వేసి వాని దారి మార్చుదురు. దిమ్మె వేయువాని చూపు తప్పెనా, తేరే తప్పును.

తిరుగు చక్రములు గల బండికి వేఱొక చిక్కు కలదు. వంపులో లోపలి చక్రము చిన్న వలయమునను, వెలుపలిది పెద్ద వలయమునను పోవును. రెంటిని ఒకే కోణమున త్రిప్పినచో ఒకటి నేలపై ఈడ్వఁబడును. మ్యూనిచ్ నగరమున బండ్లు చేయు లాంకెన్‌స్పెర్గర్ అనువాఁడు 1817లో దీనికి ఉపాయము కనిపెట్టెను. అతని పక్షమున 1818లో ఇంగ్లండునందు పేటెంటు పొందినవాఁడు ఆకర్మన్. కనిపెట్టినవాని పేరు మఱుగుపడి, పత్రము పొందినవాని పేరే నేఁటికిని నిలిచియున్నది.

మన ప్రాంతమున కీ విద్యాభ్యాసము షోళవరమున జరిగినది. సూళ్లూరుపేట నుండి చెన్నపట్టణము పోవు రాజమార్గమున నున్న ఆ యూర రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానముల బాట యొకటి మిగిలెను. 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు అచ్చట పందెములు నడపెను. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకముగా పందెపుబాట వెలసెను.

షోళవరమునకు వచ్చిన కార్లలో పెక్కు ఇంటివాడుక బండ్లే. వానిలో 1961 మొదలు మద్రాసులోనే తయారైన స్టాండర్డు హెరాల్డు గొప్ప పాఠము చెప్పినది. దాని వెనుక యిరుసు రెండు ముక్కలు. ఒక్కొక్క ముక్క లోపలి కీలుపై మాత్రమే ఊఁగును. వేగముగా వంపు తిరుగునపుడు కారు వెనుకభాగము పైకి లేచినచో, వెలుపలి చక్రపు అడుగు లోనికి మడఁగును. టైరు అంచుపై నిలుచును. పట్టు ఒక్కపెట్టున పోయి తోఁక విసరును. నిపుణులు అడ్డుగా నున్న పట్టీల స్ప్రింగును సవరించి వెనుకభాగమును దింపిరి. అప్పుడు చక్రముల తలలు ముందుగానే లోనికి వ్రాలియుండును. కారు లేచినను చక్రము నిటారునకు వచ్చునే గాని మడఁగదు. ఈ వ్రాలుటనే క్యాంబరందురు. హెరాల్డు తరువాత వచ్చిన గెజెలునకు ఒకేముక్కగా నుండు ఇరుసు వేసిరి.

పందెపుబాటకు తక్కిన సవరణలును ఇట్టివే. స్ప్రింగులు బిగువు చేసినచో ఒడలు ఒరగుట తగ్గును. ముందుచక్రముల మొనలు వెలుపలికి రవంత తెఱచినచో కారు వంపులోనికి చుఱుకుగా దిగును. కాని ప్రతి లాభమునకును వెల కలదు. వ్రాలిన చక్రము టైరు లోపలియంచును తినును. తెఱచిన మొనలు తిన్నని దారిలో కారును నిలుకడగా పోనీయవు. బిగువు స్ప్రింగు గతుకులపై చక్రమును ఎగురవేయును. ఎగిరిన చక్రమునకు పట్టు లేదు.

ఇది వినోదపు మాట మాత్రమే కాదు. తిరుమల మొదటి ఘాటురోడ్డు 1944లో వేయఁబడినది. 19 కిలోమీటర్ల ఆ దారిలో 36 పెనువంపులు గలవు. నేఁడది కొండ దిగువారికి దారి. దిగునపుడు బ్రేకు త్రొక్కిన బరువు ముందునకు జరిగి వెనుకభాగము తేలిపోవును. షోళవరమున హెరాల్డును పల్టీకొట్టించు స్థితి యిదియే. అచ్చట తప్పిన కారు బయలున నిలుచును. ఇచ్చట ప్రక్కన లోయ, ఎదుట యాత్రికులు. వాన తడి, నిండు బరువు, కాఁగిన బ్రేకులు గల కొండదారికి పందెపు కొలతలు తగవు. యువకులు తమ కార్లను సవరింపఁగోరినచో సవరింతురు గాక! పందెము ముగిసిన పిమ్మట ఆ కొలతలను మరల ఇంటిదారికి త్రిప్పించుట మఱవకుందురు గాక.

తేరు క్రింద దిమ్మె వేయు వడ్రంగియు, కారు క్రింద పండుకొని కోణము కొలుచు మెకానిక్కును ఒకే విద్యను కాచువారు. రథికుని కీర్తి పదిమంది పాడుదురు. అతని ప్రాణము వారి చేతిలో నున్నది.

స్వస్తి.