లేని ఊళ్ళో కన్నం

అరవై నాలుగు కళల్లో చోరకళ కూడా ఒకటని మనవాళ్ళు సరదాగా అంటూ ఉంటారు. సంగీతానికీ నాట్యానికీ ఉన్నట్టు దానికి సభలూ సన్మానాలూ లేవుగానీ, సాహిత్యంలో మాత్రం దానికెప్పుడూ లోటు జరగలేదు. ఈమధ్య ఆ కళ మళ్ళీ నా కంటబడింది. అదీ ఎక్కడనుకున్నారు? మా మేనకోడలి ఇంట్లో, భోజనాల బల్ల మీద.

కాలేజీ కుర్రాళ్ళు ముగ్గురూ, ఆడపిల్లలు ఇద్దరూ ఆ బల్ల చుట్టూ చేరి ఒక పెద్ద కాగితం పరుచుకున్నారు. దాని మీద ఒక ఊరు గీసి ఉంది. కోటగోడ, రేవు, సంత, గుళ్ళు, సందులు, మురుగుకాలవలు అన్నీ ఉన్నాయి. ఊరికి పేరుంది, రాజుకి పేరుంది, ఆఖరికి సారాకొట్టుకి కూడా పేరుంది. లేనిదల్లా ఆ ఊరే! ఆ లేని ఊళ్ళో ఒక షావుకారు నేలమాళిగలో బంగారం మూలుగుతోందట. దాన్ని కాజెయ్యాలి. కాపలావాళ్ళు ఎన్నింటికి మారతారు, కుక్కలెన్ని, మురుగుకాలవలో మనిషి పడతాడా పట్టడా, ఇదీ చర్చ. మధ్యాహ్నం రెండింటికి మొదలెట్టినవాళ్ళు ఆరయినా గోడ దగ్గరికి పోలేదు.

మేనకోడలు వంటింట్లోంచి నన్ను పిలిచి, "చూశావా మావయ్యా, మనవాళ్ళు నేర్చుకునే విద్యలు! నువ్వయినా కాస్త గడ్డి పెట్టు" అంది.

గడ్డి పెట్టేముందు అసలీ విద్య ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలి గదా. ఈ నాలుగు మాటలూ ఆ వెతుకులాటలో దొరికినవే.

ఆ ఆట పేరు డన్జన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి దీన్ని అచ్చులోకి తెచ్చారు. పావులతో యుద్ధాలాడుకునే సరదా ఉన్నవాళ్ళు వాళ్ళు. సైన్యాలు కదపడం మానేసి, ఒక్కొక్కరూ ఒక్కొక్క మనిషిగా ఉండిపోతే ఎలా ఉంటుందన్నదే ఇందులో కిటుకు. ఒకాయన కథ నడుపుతాడు. గోడ అవతల ఏముందో ఆయనకే తెలుసు. మిగిలినవాళ్ళు తమ తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు. అయ్యేదీ కానిదీ పాచికలు తేలుస్తాయి. హరిదాసుగారు కథ చెబుతూ ఉంటే శ్రోతలు లేచి, "మేం ఆ తలుపు తియ్యం స్వామీ, కిటికీలోంచి వెడతాం" అంటే ఆయన గతి ఏమిటో ఊహించుకోండి. ఇది అలాంటి హరికథ అన్నమాట.

మొదటి ఏడు ఈ ఆటలో వీరుడున్నాడు, మంత్రగాడున్నాడు, పూజారి ఉన్నాడు. దొంగ లేడు. ఆ లోటు 1975లో గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంతో తీరింది. తాళాలు తియ్యడం, చప్పుడు కాకుండా నడవడం, నీడలో నక్కడం, ఎంత అనుభవానికి ఎంత నేర్పో శాతాల్లో పట్టిక వేసి మరీ ఇచ్చారు. దొంగకు కూడా ప్రోగ్రెస్ రిపోర్టు తప్పలేదు!

ఆ దొంగకు తాతముత్తాతలు కథల్లో ఉన్నారు. ఫ్రిట్జ్ లైబర్ అనే రచయిత 1939 నుంచీ ఫాఫర్డ్, గ్రే మౌజర్ అనే జంట కథలు రాస్తూ వచ్చాడు. ఒకడు ఉత్తరదేశపు ఆజానుబాహువు, రెండోవాడు పొట్టివాడు, చురుకైనవాడు. వాళ్ళు తిరిగే ఊరు లాంక్‌మార్. పొగమంచూ మురికీ నిండిన ఆ మహానగరంలో దొంగలకు ఒక సంఘం ఉంది. సభ్యత్వం లేకుండా సొంతంగా చెయ్యి చేసుకుంటే ఆ సంఘం ఊరుకోదు. గైగాక్స్ 1979లో వేసిన పుస్తకం చివర తనకు ప్రేరణ అయినవాళ్ళ జాబితా ఇచ్చాడు. అందులో లైబర్ పేరుంది. 1985లో లాంక్‌మార్ నగరాన్నే పటంతో సహా ఆటపుస్తకంగా అచ్చేశారు. ఇవాళ మా మేనకోడలి బల్ల మీదున్న ఊరికి అది పెద్దమ్మ వరస అవుతుంది.

పిల్లలు చెడిపోతున్నారన్న గోల మా మేనకోడలితో మొదలు కాలేదు లెండి. 1980ల్లో అమెరికాలో తల్లిదండ్రులు కొందరు ఈ ఆట పిల్లల చేత క్షుద్రపూజలు చేయిస్తోందని ఉద్యమాలే నడిపారు. 1982లో దీని మీద భయపెట్టే టెలివిజన్ సినిమా కూడా వచ్చింది. అప్పటికి కుర్రవాడయిన టామ్ హాంక్స్ అందులో మతి చెడిన ఆటగాడు. ఆ గాలి కొన్నాళ్ళకు చల్లబడింది. పిల్లలు పెద్దవాళ్ళయి ఉద్యోగాలు చేసుకున్నారు.

నన్ను ఆకట్టుకున్నది వేరే. ఆ కాగితం చూడగానే నాకు శర్విలకుడు గుర్తుకొచ్చాడు.

శూద్రకుడి మృచ్ఛకటికం ఏ కాలానిదన్న దాని మీద పండితులు ఇంకా తగవులాడుకుంటూనే ఉన్నారు. మనకు కావలసింది మూడో అంకం. ఉజ్జయినిలో అర్ధరాత్రి. శర్విలకుడు బ్రాహ్మణుడు, చదువుకున్నవాడు, చారుదత్తుడి ఇంటికి కన్నం వెయ్యడానికి వచ్చాడు. ఎక్కడ వెయ్యాలి? ఇంటాయన రోజూ సూర్యుడికి అర్ఘ్యం వదిలిన నీళ్ళతో ఒకచోట గోడ నాని ఉప్పుబారి ఉంది. ఎలకలు తవ్విన మన్ను కూడా ఉంది. అదీ చోటు! యజమాని భక్తి కన్నపుదొంగకు ఎలా అక్కరకొచ్చిందో చూడండి. కాల్చిన ఇటుకలయితే లాగెయ్యాలి, పచ్చి ఇటుకలయితే కొయ్యాలి, మట్టిగోడయితే నీళ్ళు కొట్టాలి, చెక్కయితే చీల్చాలి. కన్నానికి ఆకారాలు కూడా ఏడున్నాయి. పద్మం, సూర్యబింబం, నెలవంక, దిగుడుబావి, స్వస్తికం, పూర్ణకుంభం వగైరా. ఈ గోడకు పూర్ణకుంభమే శోభ అని తేల్చుకుంటాడు. తెల్లారి ఊరివాళ్ళు చూసి మెచ్చుకోవద్దూ మరి!

ఇంతా చేసి కొలతాడు మరిచిపోయి వచ్చాడు. కంగారు పడలేదు. జంధ్యం తీసి కొలిచాడు. బ్రాహ్మణుడికి, అందులోనూ తనలాంటి బ్రాహ్మణుడికి, యజ్ఞోపవీతం ఎన్నిటికి పనికొస్తుందో ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇస్తాడు. ముందుగా ఒక బొమ్మమనిషిని లోపలికి తోసి చూస్తాడు. పాతతలుపు కిర్రుమంటుందని నీళ్ళు వెతికి చల్లుతాడు. ఆ నీళ్ళ చప్పుడు వినబడుతుందేమోనని మళ్ళీ భయం. నిద్రపోతున్నవాళ్ళు నిజంగా పోతున్నారా, నటిస్తున్నారా అని ఊపిరినీ రెప్పలనూ పరీక్షిస్తాడు. దీపం ఆర్పడానికి ఒక పురుగును వదులుతాడు. తీరా చూస్తే ఇంట్లో మృదంగాలూ వీణలూ పుస్తకాలూ తప్ప ఏమీ లేవు. పాపం, ఉత్త చేతులతో వెనక్కి తిరగబోతున్నాడు. అప్పుడు విదూషకుడు మైత్రేయుడు నిద్రలో కలవరిస్తూ, స్నేహితుడనుకుని, నగలపెట్టె తనంత తానే చేతికిచ్చాడు.

అన్ని కొలతలూ అన్ని జాగ్రత్తలూ ఎందుకు పనికొచ్చాయి? పెట్టె దొరికింది ఒక నిద్రమాట వల్ల. మా పిల్లలు నాలుగు గంటలు వేసిన పథకంలో కలవరించే మనిషికి చోటే లేదు.

దండి దశకుమారచరిత్రలో అపహారవర్మ ఇంతకంటే గట్టివాడు. ఆయన ఊరు చంపానగరం. అక్కడ ధనవంతులంతా పిసినారులట. డబ్బు శాశ్వతం కాదని వాళ్ళకు బోధపరచి దారికి తేవాలని పుణ్యాత్ముడు దొంగతనానికి దిగాడు. (ఈ వాదన మన దొంగలందరికీ తెలిసే ఉంటుంది.) ముందు జూదశాలకు వెళ్ళి పదహారువేల దీనారాలు గెలిచాడు. సగం అక్కడివాళ్ళకే పంచిపెట్టి పేరు సంపాదించాడు. విమర్దకుడనే జూదరిని స్నేహం చేసుకుని, ఎవరింట్లో ఎంత ఉంది, ఎవరి పని ఏమిటి, ఎవరి గుణం ఎలాంటిది అంటూ ఊరంతా వాడి నోటి మీదుగా చదివేశాడు. ఆ తర్వాతే చీకటిరాత్రి చూసుకుని బయల్దేరాడు. సరంజామా చూడండి: పాముపడగలాంటి గునపం, పట్టుకారు, బొమ్మతల, మత్తుపొడి, కొలతాడు, ఎండ్రకాయ కొక్కెం, మోకు, దీపపు కుండ, దీపాలార్పే తుమ్మెదల భరిణె. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ళు మనిషి మోసే సామాను కాగితం మీద రాసుకుంటారు. నేనా కాగితం చూశాను. దండి జాబితా ముందు అది తేలిపోయింది.

దీన్ని పదమూడో శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు కేతన. తిక్కనగారికి అంకితమిచ్చాడు. అభినవదండి అన్న బిరుదు తెచ్చుకున్నాడు. ఈ కేతనే విజ్ఞానేశ్వరుడి ధర్మశాస్త్రాన్ని కూడా తెలుగు చేశాడు. ఒక చేత్తో దొంగకథా, మరో చేత్తో దొంగను శిక్షించే శాస్త్రమూ! ఆయన్ని ఎవరూ పిల్లల్ని చెడగొడుతున్నావని అడిగినట్టు లేదు.

ఇంతకీ అపహారవర్మ ఎలా చిక్కాడు? తాళం దగ్గర కాదు, గోడ దగ్గర కాదు. తాగి చిక్కాడు. ఒక రాత్రి మద్యం తలకెక్కి, ఊరంతటినీ ఒక్క రాత్రిలో దోచేస్తానన్నట్టు గంతులేస్తూ వీధినపడి, కత్తితో కావలివాళ్ళ మీదికి పోయి, పడిపోయాడు. చంపానగరం మొత్తాన్ని చదివినవాడు తన తలకాయను చదువుకోలేదు. జైల్లోనూ ఆయన విద్య ఊరికే పోలేదనుకోండి. జైలు అధికారి రాకుమారి మీద మోజుతో, అంతఃపురానికి సొరంగం తవ్వమని ఆయన్నే బతిమాలుకున్నాడు.

విచిత్రమేమంటే లైబర్ కూడా అదే మాట రాశాడు. ఫాఫర్డ్, మౌజర్ మొదట ఎలా కలుసుకున్నారో చెప్పే అసలు కథను, వాళ్ళు అచ్చులోకి వచ్చిన ముప్ఫై ఒక్క ఏళ్ళకు, 1970లో వెలువరించాడు. దానికి హ్యూగో, నెబ్యులా బహుమానాలు రెండూ వచ్చాయి. దొంగల సంఘం మనుషులు కొట్టుకొచ్చిన సొత్తును వీళ్ళిద్దరూ దారికాచి కొట్టేస్తారు. ఆ ఆనందంలో తాగుతారు. తాగిన మత్తులో, ముష్టివాళ్ళ వేషాలు వేసుకుని సంఘం ఇంటికే పోయి చూసొద్దామనుకుంటారు. వాళ్ళు ప్రేమించిన ఆడవాళ్ళిద్దరూ అటకగదిలో ఉన్నారు. తిరిగొచ్చేసరికి సంఘం మాంత్రికుడు పంపిన పొగా ఎలకలూ వాళ్ళను చంపేసి ఉన్నాయి. ఆ తర్వాత ఎంత పగ తీర్చుకుంటేనేం. అంతవరకూ నవ్వుతూ చదివిన కథ అక్కడ గొంతులో అడ్డం పడుతుంది.

ఇప్పటి ఆటల్లో ఈ పథకాల గొడవకి మందు కనిపెట్టారు. 2017లో జాన్ హార్పర్ అనే ఆయన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అని ఒక ఆట వేశాడు. డాస్క్‌వోల్ అనే చీకటి నగరంలో దొంగలముఠా కథ. అందులో గంటలకొద్దీ మంతనాలుండవు. ఏ రకం ఎత్తో చెప్పి, ఒక్క వివరం ఇచ్చి, నేరుగా పనిలోకి దిగిపోవడమే. మధ్యలో ఇబ్బంది వస్తే, "నిన్ననే ఆ కాపలావాడికి లంచమిచ్చి ఉంచాం" అని వెనక్కి పోయి చెప్పుకోవచ్చు. దానికి కొంత మూల్యం చెల్లించాలనుకోండి. సినిమాల్లో ఆఖరి రీలులో చూపిస్తారే, ఆ ధోరణి. పిల్లలు బాగుందన్నారు. నాకు మాత్రం కొలతాడు మరిచిపోయి జంధ్యంతో కొలిచినవాడి ముందు ఇది కాస్త తేలిగ్గా కనిపిస్తుంది. ఇక 2018లో వాటర్‌డీప్ నగరం మీద వచ్చిన పుస్తకం పేరులోనే దోపిడీ ఉంది, దాచిన బంగారు నాణేలు అయిదు లక్షలు. అయితే అందులో దోపిడీ కంటే వెతుకులాటే ఎక్కువ.

మా మేనకోడలికి చెప్పాను: "ఇది దొంగతనం నేర్పదే అమ్మా. నేర్పేదల్లా నలుగురు కూర్చుని ఒకరి మాట ఒకరు వినడం." నమ్మినట్టు లేదు. నా ఆక్షేపణ వేరు. ఆ పటంలో కాపలావాళ్ళున్నారు, కుక్కలున్నాయి, తాళాలున్నాయి. షావుకారు ఇంట్లో మనుషులు లేరు. ఆ బంగారం ఎవరిదో, ఎవరు దాచుకోమన్నదో అడిగినవాళ్ళు లేరు.

శర్విలకుడూ అడగలేదు. ఆడవాళ్ళ ఒంటిమీద నగ ముట్టనంటాడు, యజ్ఞానికి దాచిన సొమ్ము ముట్టనంటాడు. తను ప్రేమించిన మదనికను దాస్యంనుంచి విడిపించుకోవాలి, అదీ అతని అవసరం. కాని ఆ పెట్టె వసంతసేన చారుదత్తుడి దగ్గర దాచుకున్నది. తెల్లారి చారుదత్తుడు ముందు కన్నం అందానికి మురిసిపోయాడు. తన ఇంటికొచ్చి దొంగ వట్టి చేతులతో పోయాడేమోనని బాధపడ్డాడు. పెట్టె పోయిందనగానే సంతోషించాడు కూడా. అది పరాయి సొత్తని గుర్తుకొచ్చాక మూర్ఛపోయాడు. లేనివాడు, కాజేసి దొంగ కథ చెబుతున్నాడంటే ఎవరు కాదంటారు?

లోపల ఉన్న భార్య ధూతకు ఈ సంగతి తెలిసింది. ఆమె దగ్గర పుట్టింటివాళ్ళు పెట్టిన రత్నావళి ఒక్కటే మిగిలింది. నేరుగా ఇస్తే మొగుడు పుచ్చుకోడు, అభిమానం అడ్డొస్తుంది. అందుకని వ్రతమనీ, బ్రాహ్మణుడికి దానమనీ మైత్రేయుణ్ణి పిలిచి ఆ హారం అతని చేతిలో పెట్టింది. చారుదత్తుడు దాన్ని వసంతసేనకు పంపుతూ, ఆమె నగలు తను జూదంలో ఓడిపోయానని అబద్ధం చెప్పించాడు. అప్పటికే ఆమె నగలు ఆమెకు చేరాయి, శర్విలకుడే తెచ్చి ఇచ్చాడు. మదనికను అతనికిచ్చి పంపేసింది కూడా.

తర్వాత వసంతసేన ఆ హారం ధూతకు తిరిగి పంపింది. ధూత పుచ్చుకోలేదు.