రత్నాల భౌతిక గుణాలు, తూకం

రత్నాన్ని గుర్తించడంలో రంగు తరచుగా మోసగిస్తుంది. కాఠిన్యం, సాంద్రత, కాంతిని వంచే గుణం అంతకన్నా నమ్మదగినవి. ఏ ఖనిజం దేన్ని గీయగలదన్న పరీక్ష ఆధారంగా 1812లో ఖనిజ శాస్త్రవేత్త మోస్ రూపొందించిన కొలమానంలో వజ్రానికి 10, కెంపు నీలాలకు 9, స్ఫటికానికి 7 స్థానాలు దక్కాయి. తూర్పు హైదరాబాదులో ఉప్పల్, నాచారం నేల కింద పరచుకున్న గ్రానైటులోని క్వార్ట్జ్ ఈ స్ఫటిక జాతిదే. జాతి ఒకటైనంత మాత్రాన ప్రతి పలుకూ రత్నం కాదు.

విశిష్ట సాంద్రత అంటే వస్తువు తనంత ఘనపరిమాణం గల నీటికన్నా ఎన్ని రెట్లు బరువో తెలిపే సంఖ్య. అది వజ్రానికి 3.52, నీలానికి 4.00, స్ఫటికానికి 2.65. రాయిని గాలిలోనూ నీటిలోనూ తూచి, గాలిలోని బరువును నీటిలో తగ్గిన బరువుతో భాగిస్తే ఇది తేలుతుంది కాబట్టి రాయిపై గీత పడదు. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ గురుత్వ సర్వేలకు ఆధారమూ శిలల సాంద్రతా భేదమే.

రత్నాల తూకానికి ప్రమాణం క్యారెట్. 1907లో దీన్ని 200 మిల్లీగ్రాములుగా స్థిరపరిచారు, ఇందులో నూరో వంతు సెంటు. బంగారం మేలిమిని తెలిపే క్యారెట్ వేరు. పూర్వం గురిగింజల వంటి విత్తనాలే తూకపు రాళ్లు. 17వ శతాబ్దిలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడి మాంగెలిన్ అనే తూకం నాటి క్యారెట్‌కు 1⅜ రెట్లనీ, రావులకొండ గనుల్లో అదే పేరుగల తూకం 1¾ రెట్లనీ నమోదు చేశాడు. అందుకే పాత పత్రాల్లోని వజ్రాల బరువులను నేటి లెక్కకు మార్చేటప్పుడు ఏ ఊరి తూకమో ముందు తేల్చుకోవాలి. నేటి లెక్కలో నిజాం నగల్లోని జాకబ్ వజ్రం 184.75 క్యారెట్లు, అంటే దాదాపు 37 గ్రాములు.