ఇకామా
సౌదీ అరేబియాలో పనిచేసే విదేశీయులకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే నివాస అనుమతి. వర్క్ వీసా దేశంలోకి అడుగుపెట్టడానికే పనికొస్తుంది. చేరాక వైద్య పరీక్ష, వేలిముద్రలు అయ్యాక యజమాని, అంటే కఫీల్, ఇకామా తీయించాలి. రుసుము, రెన్యువల్ ఖర్చు చట్టప్రకారం అతనివే. కార్మికులకు బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు దీని మీద దొరుకుతాయి. యజమాని రెన్యువల్ చేయించకపోయినా ఇబ్బందులు పడేది కార్మికుడే. ఈ ఏర్పాటులోని అసలు అన్యాయం ఇదే. పత్రాలు లేకుండా మిగిలిపోయినవారిని తెలంగాణ గల్ఫ్ కార్మికులు ‘ఖల్లివెల్లి’ అంటారు. 2021 మార్చి సంస్కరణల ప్రకారం ఏడాది పనిచేసినవారు యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారవచ్చు. ఇంటి పనివారికి, ఇంటి డ్రైవర్లకు ఆ వెసులుబాటు దక్కలేదు. పదో తరగతి పాసవని భారతీయులు సౌదీలో పనికి వెళ్లాలంటే సాధారణంగా 1983 నాటి వలస చట్టం కింద ముందే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఏజెంటు ఏం చెప్పినా, విజిట్ వీసాపై పనిచేయడం అక్కడ చట్టవిరుద్ధం.