స్క్రోల్ బార్‌ని ఎవరు దాచేశారు?

పోయిన నెల మా నాన్న ఫోన్‌లో ఒక ఫారం నింపుతూ కూర్చున్నారు. పేరు రాశారు, పుట్టిన తేదీ రాశారు, అడ్రస్ రాశారు. పది నిమిషాలయ్యాక నన్ను పిలిచి, "ఏరా, అన్నీ నింపేశాను, ఇది పంపించే బటన్ ఏదిరా?" అన్నారు. నేను వేలితో స్క్రీన్‌ని పైకి జరిపాను. కింద బటన్ ఉంది. బటన్‌కి ముందు ఇంకో నాలుగు గడులు కూడా ఉన్నాయి. ఆయన ఫోన్ వైపు, నా వైపు చూసి, "కింద ఇంకా ఉందని నాకెలా తెలుస్తుంది?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదండీ. ఆ స్క్రీన్ సరిగ్గా అడ్రస్ గడి దగ్గర అయిపోయినట్టు కనిపిస్తోంది. దాని కింద కాస్త తెల్ల ఖాళీ, అంతే. పక్కన గీత లేదు, బాణం గుర్తు లేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాంటి స్క్రీన్లు నేనే ఎన్ని చేశానో లెక్కలేదు. ఒకప్పుడు కంప్యూటర్‌లో ప్రతి కిటికీకీ కుడి పక్కన బూడిద రంగు పట్టీ ఒకటి ఉండేది, గుర్తుందా? "కింద ఇంకా ఉంది" అని చెప్పడమే దాని పని. అది ఎక్కడ పుట్టింది, ఎందుకు దాక్కుంది అన్నదే ఇవాళ్టి ముచ్చట.

స్క్రోల్ అంటే అసలు అర్థం చుట్ట. మన తాళపత్రాలు చుట్టలు కావు, ఆకులకి చిల్లు పెట్టి దారంతో కట్టిన కట్టలు. మన దగ్గర నిజమైన స్క్రోల్ చూడాలంటే చేర్యాల వెళ్ళాలి. ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేసిన పొడవాటి బట్ట, కథ చెప్పేవాళ్ళు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ పోతారు. ఒకసారికి కనిపించేది ఒక ముక్కే. కానీ మిగిలిన చుట్ట లావు చూస్తే కథ ఇంకా ఎంత ఉందో కూర్చున్నవాళ్ళకి తెలిసిపోతుంది. ఈ లావు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

కంప్యూటర్‌కి మొదట్లో స్క్రీన్ లేదు. టెలిటైప్ అనే టైపు మెషీన్ ఉండేది. జవాబంతా కాగితం చుట్ట మీద అచ్చయి వెనక్కి జారిపోయేది. పాత జవాబు కావాలంటే కాగితం పైకి లాక్కుని చదువుకోవడమే. ఆ తర్వాత స్క్రీన్లు వచ్చాయి. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 బాగా పేరున్న టెర్మినల్, 24 లైన్లు, లైనుకి 80 అక్షరాలు. కింద కొత్త లైను రాగానే పైన ఉన్నది పోతుంది. పోయిందంటే పోయినట్టే, వెనక్కి తెచ్చుకునే దారి ఆ టెర్మినల్‌లో లేదు. టెక్నాలజీ ముందుకెళ్ళింది, కాగితం ఇచ్చిన సదుపాయం మాత్రం పోయింది. నాకైతే ఈ కథంతా ఇలాగే నడిచినట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోకి వెళ్దాం, జిరాక్స్ పార్క్ ల్యాబ్. అక్కడ 1973లో ఆల్టో అనే కంప్యూటర్ తయారైంది. దాని స్క్రీన్ కాగితంలా నిలువుగా ఉండేది, 606 చుక్కల వెడల్పు, 808 చుక్కల ఎత్తు. ఒక్కో చుక్కకి ఒక బిట్ చొప్పున లెక్కేయండి, సుమారు 61 వేల బైట్లు. మొత్తం మెమరీ 128 కిలోబైట్లు. అంటే దాదాపు సగం మెమరీ బొమ్మకే పోయింది! స్క్రోల్ చేయడమంటే ఆ బొమ్మనంతా కొద్దిగా పైకి జరిపి, కింద ఖాళీ అయిన చోట కొత్తది గీయడం. ఆ కాలం మెషీన్‌కి అది కొండంత పని. 1975లో డాన్ ఇంగల్స్ అనే ప్రోగ్రామర్ బిట్‌బ్లిట్ అనే పద్ధతి తయారుచేశాడు. స్క్రీన్‌లో ఒక చోటున్న బిట్ల దీర్ఘచతురస్రాన్ని ఎత్తి ఇంకో చోట వేగంగా పెట్టడం దాని పని. దానితో స్క్రీన్ మీద బొమ్మ జరపడం తేలికైంది.

ఆ ల్యాబ్‌లో స్మాల్‌టాక్ అనే సిస్టమ్ ఉండేది. మౌస్ బాణం ఒక గడిలోకి వెళ్తేనే దాని ఎడమ పక్కన స్క్రోల్ బార్ బయటికొచ్చేది. అంటే స్క్రోల్ బార్ దాక్కోవడం కొత్త ఫ్యాషనేం కాదు. 1979 డిసెంబర్‌లో స్టీవ్ జాబ్స్ ఆ డెమో చూడ్డానికి వచ్చాడు. అక్కడే పనిచేసిన ఆలన్ కే తర్వాత స్మాల్‌టాక్ చరిత్ర రాస్తూ ఈ సంగతి చెప్పాడు. టెక్స్ట్ గంతులేస్తూ కదలడం జాబ్స్‌కి నచ్చలేదట. ఆగకుండా నున్నగా జారేలా చేయొచ్చా అని అడిగాడట. ఇంగల్స్ అక్కడికక్కడే, నడుస్తున్న సిస్టమ్‌లోనే కోడ్ వెతికి, ఒక నిమిషం లోపే మార్చేశాడు. స్క్రోల్ నున్నగా జారింది. కోడ్ మార్చి, బిల్డ్ అయ్యేదాకా టీ తాగొచ్చే మనలాంటివాళ్ళకి ఇది వింటే కడుపు మండుతుంది.

1984లో మాకింతోష్ వచ్చింది. తొమ్మిదంగుళాల చిన్న స్క్రీన్. కిటికీకి కుడి పక్కన ఒక పట్టీ, కింద ఒకటి, లోపల ఒక చిన్న చతురస్రం. మీరు డాక్యుమెంట్‌లో ఎక్కడున్నారో ఆ చతురస్రం చూపిస్తుంది. కానీ దాని సైజు మాత్రం మారదు. రెండు పేజీలైనా, రెండొందల పేజీలైనా అంతే. చుట్ట లావు తెలియదన్నమాట. డాక్యుమెంట్ పొడవుని బట్టి ఆ ముక్క చిన్నదీ పెద్దదీ అవడం చాలామందికి విండోస్ 95తో అలవాటైంది. మాక్‌లోకి అది 1998లో, 8.5 వెర్షన్‌తో వచ్చింది.

ఆ ముక్క వెనక లెక్క చాలా చిన్నది. స్క్రోల్ అయ్యే ఏ గడికైనా మూడే నంబర్లు కావాలి: లోపల సరుకు మొత్తం ఎంత, కిటికీ ఎంత, ఇప్పటికి ఎంత జరిపాం. బీటెక్ ల్యాబ్‌లో పైథాన్ టికింటర్ వాడినవాళ్ళకి గుర్తుంటుంది, అందులో లిస్టు స్క్రోల్ బార్‌కి రెండు నంబర్లే పంపుతుంది. వెయ్యి లైన్ల లిస్టులో 250 నుంచి 300 దాకా కనిపిస్తుంటే 0.25, 0.3 అని పంపుతుంది. మొదటి నంబరు ముక్క ఎక్కడ మొదలవ్వాలో చెబుతుంది, రెండింటి తేడా ముక్క సైజు. ఇంతే. ఎంత దూరం వచ్చాం, ఎంత మిగిలింది అనే రెండు సంగతులూ అందులోనే ఉన్నాయి.

తర్వాత 1996లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్‌తో చక్రం ఉన్న మౌస్ బాగా వ్యాపించింది. పట్టీని పట్టుకుని లాగే పని తగ్గింది. పట్టీ ఇంక చూడ్డానికే మిగిలింది.

2007 జనవరి 9, శాన్ ఫ్రాన్సిస్కో. అదే జాబ్స్ వేదిక మీద ఐఫోన్‌లో పాటల లిస్టుని వేలితో తోశాడు. లిస్టు జారి, మెల్లగా ఆగింది. హాలు హాలంతా కేకలు. ముందు టాబ్లెట్ కోసం చేసిన టచ్ స్క్రీన్ మీద ఈ జారడం చూశాకే దీనితో ఫోన్ చేయొచ్చనిపించిందని ఆయనే 2010లో చెప్పాడు. ఇక్కడ బాస్ ఆర్డింగ్ అనే డిజైనర్ గురించి చెప్పుకోవాలి. లిస్టు చివరికొచ్చి టక్కున ఆగిపోతే ఫోన్ హ్యాంగ్ అయిందనుకుంటాం కదా. అందుకని చివర్లో కాస్త సాగి మళ్ళీ వెనక్కొచ్చేలా, రబ్బర్ బ్యాండ్‌లా చేశాడు. "అయిపోయింది, ఇంక లేదు" అని వేలికి చెప్పడమన్నమాట. దీనికి పేటెంట్ కూడా ఉంది. 2012 ఆగస్టులో ఆపిల్, శామ్‌సంగ్ కేసులో జ్యూరీ వంద కోట్ల డాలర్లు దాటి నష్టపరిహారం చెప్పినప్పుడు, మిగతా పేటెంట్లతో పాటు ఈ సాగుడు కూడా లెక్కలో ఉంది. ఆ మొత్తం తర్వాత తగ్గిందనుకోండి.

కానీ అదే ఐఫోన్‌లో పట్టీ పోయింది. జరిపినంతసేపు ఒక సన్న గీత కనిపించి, ఆపగానే మాయమైపోతుంది. అంత చిన్న స్క్రీన్‌లో పట్టీకి చోటెక్కడిది? ఫోన్‌లో దాయడం నాకు అర్థమవుతుంది. 2011లో మాక్ ఓఎస్ లయన్‌లో పెద్ద కంప్యూటర్ మీద కూడా దాచేశారు చూడండి, అదే నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొదటి ఉద్యోగంలో ఒక లిస్టు స్క్రీన్ రాయమన్నారు. ఆండ్రాయిడ్‌లో స్క్రోల్‌వ్యూ అనే డబ్బా ఉంటుంది. దాంట్లో ఒక లేఅవుట్ పెట్టి, మూడు వేల వరసలూ అందులో పడేశాను. నా ఫోన్‌లో బ్రహ్మాండంగా నడిచింది. ఒక జీబీ ర్యామ్ ఉన్న ఫోన్లలో తెరవగానే బిగుసుకుపోయింది. స్క్రోల్‌వ్యూ కనిపించేవీ కనిపించనివీ చూడదు, లోపలున్న అన్నిటినీ కొలిచి పేర్చుతుంది. మా సీనియర్ తిట్టలేదు, "పెళ్లిలో బంతి భోజనం ఎప్పుడూ చూడలేదా?" అన్నాడు. వెయ్యిమంది చుట్టాలొస్తే వెయ్యి కుర్చీలు వేయరు కదా. వందమందికి వేస్తారు, తిన్నవాళ్ళు లేవగానే ఆకు మార్చి తర్వాతివాళ్ళని కూర్చోబెడతారు. 2008 నుంచీ ఐఫోన్ టేబుల్‌వ్యూ, ఆండ్రాయిడ్ లిస్ట్‌వ్యూ, 2014లో వచ్చిన రీసైక్లర్‌వ్యూ, అన్నీ చేసేది ఇదే. పైన కనుమరుగైన వరసనే తీసి, లోపలి సరుకు మార్చి, కింద మళ్ళీ వేస్తాయి.

దీంట్లో ఒక తిరకాసు ఉంది. ఇంకా గీయని వరస ఎత్తు ఎంతో ప్రోగ్రామ్‌కి తెలియదు. అందుకే కనిపిస్తున్న వరసల సగటు తీసి మొత్తాన్ని అంచనా వేస్తుంది. కొన్ని యాప్‌లలో జరుపుతుంటే ఆ సన్న గీత పొట్టిగా, పొడుగ్గా మారుతూ గంతులేస్తుంది, గమనించారా? అది బగ్ కాదు, ఊహ.

ఫీడ్ వచ్చాక ఆ ఊహ కూడా పోయింది. ఐఫోన్‌కి ఏడాది ముందే, 2006లో, ఆజా రాస్కిన్ ఇన్ఫినిట్ స్క్రోల్ తయారుచేశాడు. ఆపిల్‌లో మాకింతోష్ ప్రాజెక్ట్ మొదలుపెట్టిన జెఫ్ రాస్కిన్ కొడుకే ఇతను. సెర్చ్ చేస్తూ పేజీ చివరికి వచ్చామంటే ఇంకా కావాలనే కదా, మళ్ళీ "నెక్స్ట్" నొక్కించడం ఎందుకు అనేది అతని ఆలోచన. ఆలోచనలో తప్పు పట్టడానికేం లేదు. కానీ దాన్ని సోషల్ మీడియా ఎత్తుకున్నాక, తను చేసినదానికి బాధపడుతున్నానని అతనే బహిరంగంగా చెప్పాడు. ప్రోగ్రామర్‌గా చూస్తే జరిగింది ఒక్కటే. మూడు నంబర్లలో మొదటిది, "మొత్తం ఎంత" అన్నది, తీసేశారు. మొత్తం లేనప్పుడు ఎంత మిగిలిందో ఏ గీత చెప్పగలదు? చుట్ట లావు కనిపించదు, రబ్బర్ బ్యాండ్ సాగే చోటు రాదు.

మా నాన్న ఫారంకి మాత్రం ఈ సాకు లేదు. దాని పొడవు ప్రోగ్రామ్‌కి పక్కాగా తెలుసు, ఆయనకే చెప్పలేదు. మాక్‌లో అయితే సెట్టింగ్స్‌లో అపియరెన్స్‌కి వెళ్ళి స్క్రోల్ బార్స్ ఎప్పుడూ కనిపించేలా పెట్టుకోవచ్చు. విండోస్ 11లో యాక్సెసిబిలిటీ, విజువల్ ఎఫెక్ట్స్‌లో ఉంటుంది. ఐఫోన్‌లో ఆ సన్న గీత కనిపించినప్పుడు దాని మీద కాసేపు నొక్కి పట్టుకుంటే లాగొచ్చు కూడా. ఆండ్రాయిడ్‌లో ఇది యాప్ రాసేవాళ్ళ చేతిలో ఉంది, ఫేడ్ స్క్రోల్‌బార్స్ అనేదాన్ని ఫాల్స్ చేయాలి, ఒక్క లైను. నా సొంత యాప్‌లో రెండు స్క్రీన్లకి ఆ లైను చేర్చి మా నాన్నకి చూపించాను. కాసేపు అటూ ఇటూ జరిపి చూసి, "పక్కన ఈ గీతేంట్రా, స్క్రీన్ పగిలిందా?" అన్నారు.

సరే, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.